అత్తగారి మరుపు, మా అమ్మ ముగ్గు

పోయిన సంచికలో "ఇంట్లో పెద్దవాళ్ల మరుపు గురించి రాయండి, ఎక్కడో చదివింది కాదు, మీరు కళ్లతో చూసింది రాయండి" అని అడిగాను. అడిగినందుకు శాస్తి జరిగింది. ఉత్తరాలు రెండు సంచులు వచ్చాయి. అన్నిటికీ జవాబు రాయడం నా వల్ల కాదు కాబట్టి, పది మందికీ పనికొచ్చేవి ఏరాను. పేర్లు తీసేశాను, పేటల పేర్లు ఉంచాను.

కొత్త పాఠకులకి ఒక మాట. నేను మందులు రాసే డాక్టర్ని కాను, సైకాలజిస్టుని. ముప్పై ఏళ్ల పైచిలుకు ఈ విశాఖపట్నంలోనే ఆస్పత్రి గదుల్లో కూర్చుని "ఇవాళ ఏ వారమండీ? ఇది ఏ నెల?" అని పెద్దవాళ్లని అడిగి మార్కులు వేసిన దాన్ని. నా కంటే పెద్దవాళ్లకి మార్కులు వేసీ వేసీ, ఇప్పుడు నాకే ఆ ప్రశ్నలు వేసే వయసొచ్చింది.

గోపాలపట్నం నుంచి ఒక కోడలు: మా అత్తగారికి 71 ఏళ్లు. ఏడాదిగా తేడా కనిపిస్తోంది. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోవడం మామూలే అనుకున్నాం. కానీ పోయిన నెల రైతు బజారుకి వెళ్లి, ఇరవై ఏళ్లుగా నడిచే దారిలో ఇల్లు తెలీక ఒక కొట్టు ముందు కూర్చుండిపోయారు. పాలవాడికి ఒకే నెలలో రెండుసార్లు డబ్బులిచ్చారు. మా ఆయన "వయసు మీద పడింది, మీ అమ్మ మర్చిపోదా?" అంటారు. మా అమ్మ నిజంగానే మర్చిపోతుంది, పేర్లూ అవీ. అంటే మా ఆయన అన్నదే నిజమా?

అమ్మా, మీ ఆయన పోల్చకూడని మనుషుల్ని పోల్చారు. ఇదే పొరపాటు ఒకప్పుడు పరిశోధకులు కూడా చేశారు కాబట్టి ఆయన్ని మరీ దెప్పకండి. ముప్పై ఏళ్లవాళ్లనీ డెబ్బై ఏళ్లవాళ్లనీ ఒకే రోజు కూర్చోబెట్టి పరీక్ష పెట్టి, "చూశారా, వయసుతో బుర్ర ఇంత పడిపోతుంది" అని గీతలు గీసేవాళ్లు. డెబ్బై ఏళ్లాయన చదివింది ఐదో తరగతి, ముప్పై ఏళ్లాయన చదివింది బీఎస్సీ అన్న సంగతి ఆ గీతలో కనిపించదు. 1956లో సియాటిల్‌లో వార్నర్ షాయ్ అనే ఆయన ఒక అధ్యయనం మొదలుపెట్టి, ఏడేళ్లకోసారి పాత మనుషులనే మళ్లీ పిలిచి పరీక్షిస్తూ పోయారు. అప్పుడు బొమ్మ మారింది. పని చేసే వేగం ముందే తగ్గుతుంది కానీ, మిగతా శక్తుల్లో చాలావరకు అరవైలు వచ్చేదాకా నిలబడతాయి. మాటల సంపద అయితే ఇంకా చాలాకాలం తరగదు. మా వీధి చివర ఒక మామ్మగారు 84 ఏళ్లకి కూడా సామెత లేకుండా తిట్టరు.

అందుకని మీ అత్తగారిని మీ అమ్మగారితో పోల్చకండి. మూడేళ్ల కిందటి మీ అత్తగారితో పోల్చండి. మీ అమ్మగారికి జీవితమంతా పేర్లు గుర్తుండకపోతే అది ఆవిడ తీరు. మీ అత్తగారు పాలవాడి లెక్క ఎప్పుడూ పైసా తప్పని మనిషై ఉండి ఇప్పుడు తప్పితే, అది మార్పు. సింహాచలం చందనోత్సవం ఈసారి ఏ తేదీన వచ్చిందో గుర్తు లేకపోతే నేనేమీ కంగారుపడను. కొండకి వెళ్లి క్యూలో నాలుగు గంటలు నిలబడి వచ్చిన సంగతే, మీరు గుర్తు చేసినా గుర్తుకి రాకపోతే అప్పుడు కంగారుపడతాను. తెలిసిన దారి తప్పడం రెండో రకానిది. ఆలస్యం చేయకండి.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే.

మా అమ్మ దొండపర్తిలో ఉన్నన్నాళ్లూ ఇరవై మందితో చీటీ నడిపింది, కాయితం లేకుండా. ఒక చలికాలం చెప్పిందే మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది. నేను నిపుణురాలిని కదా, ఒక ఆదివారం నా సంచీలోంచి కాయితాలు తీసి అమ్మకే పరీక్ష పెట్టాను. 30కి 28 వచ్చాయి. గుండెల మీద చెయ్యేసుకుని కాఫీ తాగాను. ఆ 28 ఎలా వచ్చాయో నాకు ఏడాదిన్నర దాకా తట్టలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ పరీక్ష సాఫీగా పెట్టడం రావాలని నేను రోజూ వంటింట్లో అమ్మనే ఎదురుగా కూర్చోబెట్టుకుని సాధన చేశాను. ఆవిడకి అది విష్ణు సహస్రనామంలా నోటికొచ్చేసింది. "మూడు మాటలు చెప్తాను, గుర్తుపెట్టుకో" అనగానే, నేను నోరు తెరవకముందే ఆ మూడూ చెప్పేసింది! నేను నవ్వేశాను. నవ్వాల్సిన చోట ఆగి ఆలోచించాల్సింది. ఒకే మనిషిని ఏళ్ల తరబడి పరీక్షించే అధ్యయనాల్లో ప్రతిసారీ వేరే మాటల జాబితా వాడేది ఇందుకే. అభ్యాసం వల్ల వచ్చిన మార్కు, అసలు జరుగుతున్న నష్టాన్ని కప్పేస్తుంది.

జబ్బు అసలు బయటపడింది ముగ్గులో. మార్గశిర లక్ష్మివారాలు అమ్మ తెల్లవారుజామున లేచి పదిహేను చుక్కల మెలికల ముగ్గు పెట్టి, తరవాత బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్లేది. మెలికల ముగ్గులో గీత ఊరంతా తిరిగినా మొదలైన చోటికి వచ్చి కలవాలి. ఆ ఏడాది కలవలేదు. వరసగా మూడు వారాలు కలవలేదు. "చలికి చెయ్యి వణికిందే" అంటూ తనే చీపురుతో చెరిపేసింది. ఇంటి గుమ్మంలో అంత పెద్ద పరీక్ష జరుగుతుంటే, నేను దాన్ని దాటుకుని, వేరేవాళ్లకి పరీక్షలు పెట్టడానికి ఆస్పత్రికి వెళ్లాను. మేము గడియారం బొమ్మ గీయమనీ, పెట్టె బొమ్మ చూసి దింపమనీ అడిగేది సరిగ్గా ఈ శక్తి కోసమే. ఏ గీత ఎక్కడుండాలో చూసి చెయ్యి నడిపే శక్తి. మా అమ్మకి ఆ బొమ్మలు కూడా అలవాటైపోయాయి, ముగ్గు మాత్రం మోసం చెయ్యలేదు.

కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒక కాయితం మీద ఇలాంటివి రాసుకోండి. ఏ పని బాగా చేసేవారు, ఎప్పటినుంచి తప్పుతోంది, ఎంత తరచుగా. తేదీలు ఉజ్జాయింపుగా ఉన్నా చాలు. న్యూరాలజిస్టుకి మీరు చెప్పే నాలుగు వాక్యాలు మా మార్కుల కాయితం కంటే ఎక్కువ పనికొస్తాయి. ఆయన థైరాయిడ్, బి12, సోడియం, షుగర్ రక్తపరీక్షలూ, తల స్కానూ రాస్తారు. "మరుపుకీ థైరాయిడ్‌కీ ఏమిటి సంబంధం" అనకండి. థైరాయిడ్ మందగించినా, బి12 తగ్గినా, మనసు కుంగినా, తలకి దెబ్బ తగిలి లోపల మెల్లగా రక్తం చేరినా మనిషి అచ్చం డిమెన్షియా, అంటే రోజువారీ పనుల్ని దెబ్బతీసే మతిమరుపు జబ్బు, వచ్చినట్టే ఉంటారు. వీటికి వైద్యం ఉంది. మీ అత్తగారు శాకాహారైనా, షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వేసుకుంటున్నా బి12 తప్పక చూపించండి. ఆవిడ వేసుకునే ప్రతి మాత్రా, నిద్రమాత్రతో, జలుబు మాత్రతో సహా, సంచీలో వేసి పట్టుకెళ్లండి. జలుబుకీ దురదకీ వాడే పాతరకం మాత్రలు కొన్ని ఆ వయసులో బుర్రని మందం చేస్తాయి.

పెద జాలారిపేట నుంచి ఒక కొడుకు: మా అమ్మ చేపలమ్మింది నలభై ఏళ్లు. చదువు లేదు. ఈమధ్య తికమక పడుతోందని చూపిస్తే ఏవో ప్రశ్నలడిగి 30కి 13 వచ్చాయి, మతిమరుపు జబ్బు అన్నారు. వందలోంచి ఏడు తీసుకుంటూ పొమ్మన్నారు, ఒక వాక్యం రాయమన్నారు, ఐదు మూలల బొమ్మలు రెండు గీయమన్నారు. మా అమ్మ "నానేటి మేష్టర్నా ఇయ్యన్నీ రాయడానికి" అని కోప్పడింది. ఆ 13 నమ్మాలా?

బాబూ, అమ్మగారు కోప్పడ్డం చాలా ఆరోగ్యంగా ఉంది. ఆ పరీక్ష 1975లో అమెరికాలో తయారైంది, బడికి వెళ్లినవాళ్లని చూసి. పెన్ను పట్టని చేతికి వాక్యం రాయమంటే మార్కు పోతుంది. పోయింది జ్ఞాపకమా, అక్షరమా అన్నది ఆ 13 చెప్పలేదు.

నేనూ ఈ తప్పు చేశాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, మీ పేటలాంటి పేట నుంచే వచ్చిన ఒక పెద్దావిడకి 14 వేశాను. "ప్రధానమంత్రి ఎవరు" అంటే "ఎవుడైతే నాకేటి" అంది. ఆవిడ లేచి వెళ్తూ, నేను వచ్చేటప్పుడు గేటు దగ్గర కొన్న నెత్తళ్ల పొట్లం బల్ల మీద చూసి, ఎంతకి కొన్నానో అడిగింది. చెప్పాను. అంతకి ఎంత రావాలో, నాకు ఎంత తక్కువ తూచారో, చిల్లర ఎంత ఎగ్గొట్టారో నిలబడ్డ చోట లెక్కగట్టి చెప్పి వెళ్లింది. ఆ కాయితం చింపేసి, మర్నాడు ఆవిడ కూతుర్ని పిలిచి మొదట్నుంచీ మాట్లాడాను.

మన దేశంలో ఈ ఇబ్బంది పరిశోధకులకి తెలియనిది కాదు. హర్యానాలో బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువులేని పెద్దవాళ్ల కోసమని ఆ పరీక్షనే హిందీలో మార్చి, 1995లో ప్రచురించారు. రాయడం, చదవడం మీద ఆధారపడకుండా ప్రశ్నలు దిద్దారు. తరవాత దేశమంతటికీ లెక్క తేల్చడానికి లాసీ-డాడ్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. 60 ఏళ్లు దాటిన 4,096 మందిని పరీక్షించారు. మార్కులతో ఆగలేదు. ప్రతి మనిషి గురించీ ఆ మనిషిని దగ్గరగా ఎరిగినవాళ్లని కూర్చోబెట్టి అడిగారు. ఆ వివరాలన్నీ డాక్టర్లు విడివిడిగా చదివి, తరవాత ఒక మాట మీదికి వచ్చారు. 2023లో వచ్చిన లెక్క ప్రకారం మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉంది. ఆడవాళ్లలో, పల్లెల్లో, చదువు తక్కువున్నవాళ్లలో ఎక్కువ.

ఆ చివరి మాట దగ్గర జాగ్రత్త బాబూ. చదువు లేకపోతే పరీక్ష అన్యాయం చేస్తుందన్నది నిజం. చదువు లేనివాళ్లకి జబ్బు వచ్చే అవకాశం కాస్త ఎక్కువన్నదీ నిజమే. కాబట్టి "పరీక్ష తప్పు, మా అమ్మకేం లేదు" అని ఊరుకోవద్దు. అమ్మగారిని చేపల లెక్క అడగండి. కోనెం ఎంతకి పాడింది, ఎంతకి అమ్మింది, చందువాల్లో ఎవరు బాకీ, కానాగంతలు ఏ నెలలో బాగా పడతాయి. వెనకటిలా టకటకా చెప్తే ఆ 13ని పక్కన పెట్టి, చదువు లేనివాళ్లకి పెట్టే పరీక్ష కావాలని డాక్టరుగార్ని గట్టిగా అడగండి. చేపల లెక్కలోనూ తడబడితే మాత్రం, మార్కులతో సంబంధం లేకుండా, మీ అనుమానమే నిజం అనుకుని ముందుకెళ్లండి.

మధురవాడ నుంచి: మా మావయ్య మూడు రోజుల కిందటిదాకా బాగానే ఉన్నారు. ఇప్పుడు మనుషుల్ని గుర్తుపట్టడం లేదు, గోడ మీద పురుగులున్నాయంటున్నారు. ఇదే అల్జీమర్సా?

ఈ ఉత్తరంలో ఫోన్ నంబరు ఉంది కాబట్టి, జవాబు రాయకుండా ముందు ఫోన్ చేశాను. అప్పటికే ఆస్పత్రిలో చేర్చారట. బీపీకి వాడే నీటి మాత్రల వల్ల, ఎండల వల్ల సోడియం బాగా పడిపోయింది. వారంలో ఇంటికి వచ్చేశారు, పేపరు చదువుతున్నారు. మిగతా పాఠకులు ఒకటి గుర్తుంచుకోండి. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం అల్జీమర్స్. అది మూడు రోజుల్లో రాదు, మూడేళ్లలో వస్తుంది. గంటల్లో, రోజుల్లో మతి తప్పితే మూత్రంలో ఇన్ఫెక్షనో, సోడియమో, షుగరో, పక్షవాతమో, కొత్త మాత్రో అయుంటుంది. ఉత్తరం రాయకండి, ఆటో ఎక్కించండి.

కూర్మన్నపాలెం నుంచి, స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి: నాకు 67. పాత సహోద్యోగుల పేర్లు నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోతున్నాయి. మా అబ్బాయి ఫోన్‌లో మెదడు ఆటల యాప్‌కి ఏడాది డబ్బు కట్టాడు. రోజూ సుడోకు చేస్తున్నాను, నానబెట్టిన బాదం తింటున్నాను. తెలుగు, హిందీ, ఒడియా, ఇంగ్లీషు వచ్చు. ఎక్కువ భాషలు వస్తే మతిమరుపు రాదని హైదరాబాద్‌లో తేల్చారట, నిజమేనా? నా భార్య మాత్రం నాకు మతిమరుపు కాదు, చెవుడు అంటోంది. టీవీ పక్కింటికి వినపడుతోందట.

మాస్టారూ, మీ ఇంట్లో అసలు సైకాలజిస్టు మీ ఆవిడ.

పేర్ల సంగతి వదిలేయండి. పేరు కాసేపటికి గుర్తొస్తే అది వయసు. పైగా ఇంత వివరంగా, వరస తప్పకుండా తన మరుపు గురించి తనే ఉత్తరం రాసేవాళ్లని చూస్తే నాకు భయం వెయ్యదు. మా అనుభవంలో భయపెట్టేది, "నాకేం లేదు, వీళ్లే తీసుకొచ్చారు" అని పక్కనున్నవాళ్ల వంక చూసే మనిషి.

హైదరాబాద్ మాట నిజమే, కాస్త సవరించుకోవాలి. నిమ్స్‌లో సువర్ణ అల్లాడిగారి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడికి వెళ్లనివాళ్లలోనూ తేడా కనపడింది కాబట్టి ఇది చదువు మహిమ మాత్రమే అనడానికి లేదు. అయితే ఆలస్యమైంది అన్నారు, రాదు అనలేదు. ఆ 648 మందీ జబ్బు వచ్చినవాళ్లే కదా! రెండు భాషల తరవాత మూడోదీ నాలుగోదీ అదనంగా కలిసిరాలేదు కూడా. కాబట్టి మీ ఒడియా బోనస్ అనుకోండి, సాయంత్రం పక్కింటి ఒడియావాళ్లతో మాట్లాడుకోవడానికి.

సుడోకు చేస్తే సుడోకు బాగా వస్తుంది. యాప్‌లో ఆట ఆడితే ఆ ఆటలో చెయ్యి తిరుగుతుంది. ఆ నేర్పు బజారు లెక్కలోకో, పేర్ల జ్ఞాపకంలోకో పాకుతుందన్నదానికి బలమైన ఆధారం లేదు. డబ్బు కట్టేశారు కాబట్టి సరదాగా ఆడండి. బాదం రుచిగా ఉంటుంది, తినండి.

ఇక చెవి. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2024లో మార్చుకోగలిగిన కారణాలు పద్నాలుగు లెక్కపెట్టి, అవన్నీ తీసేయగలిగితే ప్రపంచంలో డిమెన్షియాలో 45 శాతం దాకా ఆపొచ్చు లేదా వెనక్కి నెట్టొచ్చు అంది. అందులో ఎక్కువ బరువున్న వాటిలో వినికిడి తగ్గడం ఒకటి. సరిగ్గా వినపడని మాటని పూరించుకోవడానికి బుర్ర పడే శ్రమ ఒక కారణం కావచ్చంటారు. నాకు కనిపించే కారణం ఇంకా మామూలుది. వినపడనివాళ్లు పెళ్లిళ్లకి వెళ్లడం మానేస్తారు, వరండాలో కూర్చోవడం మానేస్తారు, ఫోన్ ఎత్తడం మానేస్తారు. చెవి మిషను పెడితే మరుపు ఆగుతుందా అని అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ల వయసున్న 977 మంది మీద మూడేళ్లు చూశారు. 2023లో ఫలితం వచ్చింది. మొత్తం మీద తేడా తేలలేదు. బీపీ, షుగర్ లాంటి ముప్పులు ఎక్కువున్న గుంపులో మాత్రం క్షీణత 48 శాతం తగ్గింది. దీన్ని బట్టి మిషను మందు అనను. మీ ఆవిడ గొంతు బతుకుతుంది, అది ఖాయం. కొని బీరువాలో పెట్టేవాళ్లని చాలామందిని చూశాను. పెట్టుకున్న మొదటి నెల గిన్నెల చప్పుడు కూడా చెవిలో మోగుతుంది, ఓర్చుకుని రోజూ పెట్టుకోవాలి.

మీరు ఉత్తరంలో బీపీ గురించి ఒక్క మాట రాయలేదు. బాదం గురించి రాశారు! నలభైల నుంచి బీపీ అదుపులో లేకపోవడం బుర్రలోని సన్నటి రక్తనాళాల్ని పాడుచేస్తుంది. పై అంకెని 120 లోపుకి తెస్తే ఏమవుతుందని చూసిన పెద్ద పరిశోధన 2019లో వచ్చింది. డిమెన్షియా దాకా వెళ్లే తొలి మెట్టు, అంటే స్వల్ప జ్ఞాపక లోపం, 19 శాతం తగ్గింది. పూర్తి డిమెన్షియాలో తేడా అంత గట్టిగా తేలలేదు. అది చదివి మీరే మాత్రలు పెంచుకుని బాత్రూంలో కళ్లు తిరిగి పడకండి, మీ డాక్టరుతో మాట్లాడండి. ఫిన్లాండులో 60 నుంచి 77 ఏళ్ల 1,260 మంది మీద తిండి, వ్యాయామం, మెదడుకి పని, బీపీ షుగర్ చూసుకోవడం అన్నీ కలిపి రెండేళ్లు చేయిస్తే, ఊరికే సలహాలిచ్చిన గుంపు కంటే కాస్త మెరుగయ్యారు. విడివిడిగా ఏ ఒక్కటీ కాదు, అన్నీ కలిపి. మీ టౌన్‌షిప్‌లో చెట్ల కింద రోడ్లు ఊరంతా వెతికినా దొరకవు. ఆ పాత సహోద్యోగుల్లో ఇద్దర్ని పోగేసి పొద్దున్నే నడవండి. పేర్లూ వాటంతటవే గుర్తొస్తాయి.

మురళీనగర్ నుంచి: మా చెల్లెలు అమెరికాలో ఉంది. అల్జీమర్స్‌కి కొత్త ఇంజెక్షన్ వచ్చిందని, ఎంత ఖర్చైనా అమ్మకి తెప్పిద్దామని అంటోంది. అమ్మకి జబ్బు వచ్చి ఆరేళ్లు. మనుషుల్ని గుర్తుపట్టదు.

చెల్లెలి ప్రేమ అర్థమవుతోంది. దూరంగా ఉన్నవాళ్లకి ఖర్చు పెట్టడం ఒక్కటే చేతిలో ఉన్న పని. ఆవిడ చెప్పేది బహుశా లెకానెమాబ్ గురించి. అమెరికాలో 2023లో పూర్తి అనుమతి వచ్చింది. మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్ మడ్డిని తీసేస్తుంది. 1,795 మంది మీద పద్దెనిమిది నెలలు చేసిన పరీక్షలో జబ్బు ముదరడం 27 శాతం నెమ్మదించింది. విన్నప్పుడు పెద్ద అంకెలా ఉంటుంది. 18 మార్కుల కొలబద్ద మీద చూస్తే అర మార్కు కంటే తక్కువ తేడా. మొదట్లో రెండు వారాలకోసారి నరానికి ఎక్కించాలి, మెదడులో వాపు, రక్తస్రావం వస్తాయేమోనని మళ్లీ మళ్లీ ఎంఆర్‌ఐ తీయాలి. అన్నిటికంటే ముఖ్యం, అది తొలి దశవాళ్లకే. ఆరేళ్లు గడిచి మనుషుల్ని గుర్తుపట్టని అమ్మకి అది కాదు. చెల్లెలికి ఈ పేరా చదివి వినిపించండి. ఆ డబ్బుతో రాత్రిపూట చూసుకునే ఒక మంచి ఆయాని ఏడాది పెట్టమనండి. మీరు రాత్రి నిద్రపోయి ఎన్నాళ్లయిందో ఉత్తరంలో రాయలేదు కానీ, చేతిరాత చెప్తోంది.

కంచరపాలెం నుంచి ఒక కూతురు: నాన్నగారు పోర్టులో పనిచేశారు. 79 ఏళ్లు. అల్జీమర్స్ అని రెండేళ్ల కిందట చెప్పారు. పగలంతా బాగానే ఉంటారు. సాయంత్రం ఐదయ్యేసరికి చొక్కా వేసుకుని, టిఫిన్ క్యారియర్ పట్టుకుని "షిఫ్టుకి టైమైపోయింది" అని గేటు దగ్గరికి వెళ్లిపోతారు. రిటైరై ఇరవై ఏళ్లయిందంటే కొట్టడానికి వస్తారు. మా వదిన పింఛను డబ్బు దొంగిలించిందని వీధిలో అరుస్తారు. వదిన ఏడుస్తోంది. అన్నయ్య గేటుకి తాళం వేసేశాడు. పింఛను ఖాతా, ఇంటి కాయితాలు ఆయన పేరే ఉన్నాయి. పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటే సరిపోతుందా?

ముందు వదినగారికి ఒక సంగతి చెప్పండి. 1901లో ఫ్రాంక్‌ఫర్టు ఆస్పత్రిలో అలాయిస్ అల్జీమర్ అనే డాక్టరు దగ్గరికి ఆగస్టె డెటర్ అనే 51 ఏళ్ల ఆవిడని తీసుకొచ్చారు. ఈ జబ్బుకి ఆయన పేరు రావడానికి కారణమైన మొదటి రోగి ఆవిడే. ఆవిడలో మొదట కనిపించింది మరుపు కాదు, భర్త మీద అనుమానం. తరవాత ఇంట్లో వస్తువులు అటూ ఇటూ మోసుకెళ్లి దాచేది. అంటే ఈ దొంగతనం కేసు నూట పాతికేళ్ల నాటిది, అందులో ముద్దాయి ఎప్పుడూ ఇంట్లో బాగా చూసుకునే మనిషే. ఆయన డబ్బు తనే ఎక్కడో దాస్తారు. దాచిన సంగతి మెదడులో అచ్చు పడదు. ఖాళీ కనిపిస్తుంది, ఖాళీకి ఒక కారణం కావాలి, ఎదురుగా వదిన ఉంటుంది. "నేను తియ్యలేదు" అని వాదించినకొద్దీ పోట్లాట పెరుగుతుంది. "అయ్యో, పదండి మావయ్యగారూ, వెతుకుదాం" అనమనండి. ఆయన దాచే చోట్లు మూడో నాలుగో ఉంటాయి, కనిపెట్టండి. మా అమ్మ బియ్యం డబ్బాలో దాచేది. మా ఇంట్లో చాన్నాళ్లు అన్నంలో పది రూపాయల కాయితాలు వచ్చేవి.

షిఫ్టు సంగతి. ఎండ తగ్గి నీడలు పొడుగయ్యే వేళకి ఈ జబ్బున్నవాళ్లలో చాలామందికి గాభరా పెరుగుతుంది. పగటి అలసట, మసక వెలుతురు, ఆకలి, ఒంట్లో పగలూ రాత్రీ చెప్పే గడియారం చెడడం, అన్నీ కలుస్తాయి. ఆయనకి ఆ గాభరాకి తెలిసిన పేరు ఒక్కటే, షిఫ్టు. ముప్పై నలభై ఏళ్లు సైరన్‌కి లేచిన ఒళ్లు అది. రిటైరయ్యారని మీరు చెప్పినప్పుడు ఆయన వింటున్నది "నిన్ను ఉద్యోగంలోంచి తీసేశారు" అని. చెయ్యి లేస్తుంది మరి.

చీకటి పడకముందే గదుల్లో లైట్లు వేసేయండి. మధ్యాహ్నం గంట మించి పడుకోనివ్వకండి. పొద్దున ఎండలో నడిపించండి. ఒంటికి నొప్పి, మలబద్ధకం, మూత్రం మంట ఉన్నాయేమో చూడండి. చెప్పలేక చిరాకు పడతారు. గేటుకి తాళం వేయాల్సిందే, కానీ ఆయనకి కనపడేలా కాదు. తాళం కనపడితే జైలు. లోపలి వైపు కింద గడియ పెట్టి, మీద కర్టెన్ వేసిన ఇళ్లు చూశాను. గేటుకి గోడ రంగే వేసేసినా ఒక్కోసారి చాలు. చొక్కా జేబులో మీ ఫోన్ నంబరు రాసిన కార్డు కుట్టేయండి, పెట్టడం కాదు, కుట్టండి. ఈ నెలలో తీసిన ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి. తప్పిపోతే గంట కూడా ఆగకుండా 112కి చెయ్యండి. పెద్దవాళ్ల కోసం 14567 అనే జాతీయ హెల్ప్‌లైన్ ఉంది, అన్నయ్యకి ఆ నంబరివ్వండి. రాత్రి గ్యాస్ రెగ్యులేటర్ తీసేసి పడుకోండి.

కాయితాల విషయంలో తొందరపడండి. చాలామంది పవర్ ఆఫ్ అటార్నీ ఉంటే చాలనుకుని కూర్చుంటారు. 1872 నాటి ఒప్పందాల చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చిన మనిషికి మతి స్థిమితం పోయిన రోజున ఆ అధికారం కూడా ముగుస్తుంది. అంటే సరిగ్గా మీకు అవసరమైన రోజున పనికిరాదు. ఈ జబ్బు పేరు వినగానే, ఇంకా తెలివితో సంతకం పెట్టగలిగిన రోజుల్లోనే వీలునామా, నామినీ, పింఛను ఖాతాలో మీ అమ్మగారి పేరు చేర్చడం జరిగిపోవాలి. రెండేళ్లయింది కాబట్టి మీ నాన్నగారిప్పుడు సంతకం అర్థం చేసుకుని పెట్టగలరో లేదో ముందు డాక్టరు చేత రాయించి, ఆ కాయితంతో లాయరు దగ్గరికి వెళ్లండి. అన్నయ్యనీ వదిననీ తీసుకెళ్లండి. ఇలాంటి ఇళ్లల్లో తరవాత అన్నాచెల్లెళ్లు కోర్టుకెక్కడం చూశాను.

మళ్లీ సాయంత్రం ఐదుకి వద్దాం. మా అమ్మకి కూడా ఒక షిఫ్టు ఉండేది. చీటీ పాట. పోయినవాళ్లందరి పేర్లూ పిలిచి "ఇంకా రాలేదేంటే" అని గుమ్మం వంక చూసేది. మొదట్లో "వాళ్లంతా పోయారమ్మా" అని చెప్పేదాన్ని. చెప్పిన ప్రతిసారీ ఆవిడకి అది కొత్త చావు. ఆ తరవాత చెప్పడం మానేసి, ఏదో ఒక పాత నోటుబుక్కు తెచ్చి పక్కన కూర్చునేదాన్ని. "ఈ నెల ఎవరు పాడారే?" అనేది. ఎవరో ఒకరి పేరు చెప్పేదాన్ని. రాసుకునేది. అరగంటలో సర్దుకునేది.

మీరు రేపు నాలుగున్నరకే లైట్లు వేసి టీ పెట్టండి. ఆయన చొక్కా వేసుకుంటే వేసుకోనివ్వండి, క్యారియర్‌లో రెండు బిస్కెట్లు పెట్టండి. గేటు దాకా వెళ్లి, "నాన్నా, ఇవాళ ఏ బెర్తులో ఓడ?" అని అడగండి. చెప్తారు. చెప్తూ ఉండగా వీధి చివరిదాకా నడిపించి తీసుకొచ్చేయండి.